కొరియా గురించి చదివినవాళ్లు సర్కారుకి, మీడియాకి ఏం చెప్పాలి? ఎలా చెప్పాలి?

హన్‌నది
అందరికీ నమస్కారం. అమెరికాలో కొరియన్ స్టడీస్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, చివరి అధ్యాయం నడుస్తోంది. ఊరు ఖమ్మం. సియోల్‌లో వాగుల ఒడ్డున, కొండల మీద ఉన్న బస్తీలను 1960ల నుంచి ఎలా ఖాళీ చేయించారు, ఆ జనం చివరికి ఎక్కడ తేలారు అన్నది నా పని.

థీసిస్ అయ్యాక వాషింగ్టన్ వైపు చూడమని మా గైడ్ అంటున్నారు. సీఎస్‌ఐఎస్ అనే థింక్ ట్యాంకు (విధానాల మీద పరిశోధన చేసే సంస్థ), సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలోని కొరియన్ స్టడీస్ ఇన్‌స్టిట్యూట్ కలిసి నడిపే నెక్స్ట్‌జెన్ స్కాలర్స్ ప్రోగ్రాం ఉంది. మాన్స్‌ఫీల్డ్ ఫౌండేషన్ వాళ్లది అలాంటిదే ఇంకొకటి ఉంది. రెండిటి వెనకా కొరియా ఫౌండేషన్ డబ్బు ఉంది. కొరియా మీద పనిచేసే ప్రొఫెసర్లను అధికారులతో, కాంగ్రెస్ సిబ్బందితో, విలేకరులతో కూర్చోబెట్టి వాళ్లకు పనికొచ్చేలా మాట్లాడటం నేర్పిస్తారు. క్షిపణుల మీద పనిచేసేవాళ్లకి అది బాగానే ఉంటుంది. నాలాంటివాళ్లకి అక్కడ పనేమైనా ఉంటుందా?

రెండో సంగతి. 2024 అక్టోబరులో తెలంగాణ మంత్రులు, అధికారులు, విలేకరులు సియోల్ వెళ్లి హన్ నదినీ చొంగ్‌గ్యెచొన్ వాగునీ చూసొచ్చారు. మూసీని అలా మారుస్తామన్నారు. నేను చదువుతున్నది సరిగ్గా ఆ వాగు గురించే. ఇంట్లోవాళ్లు "నీకు తెలుసు కదా, పేపర్‌కి రాయొచ్చు కదా" అన్నారు. రాద్దామని కూర్చుంటే ముప్ఫై పేజీలు వస్తోంది, మూడు నిమిషాల మాట రావడం లేదు. పైగా ఎవరికి పంపాలో తెలియదు. ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

డెస్క్‌మనిషి
హైదరాబాద్‌లో ఒక తెలుగు దినపత్రికలో పనిచేస్తాను. మొహమాటం లేకుండా చెప్తాను మేడమ్. మా డెస్కులో కొరియా అంటే కిమ్, కియా, బీటీఎస్. మీలాంటివాళ్ల నంబర్లు మా దగ్గర ఉండవు. ఒకవేళ ఉండి ఫోన్ చేసినా "ప్రశ్నలు మెయిల్ పెట్టండి, వీకెండ్‌లో చూస్తాను" అంటారు. వీకెండ్‌కి ఆ వార్త ఎవరికి కావాలి?

2024 డిసెంబరు 3 రాత్రి గుర్తుందా? దక్షిణ కొరియా అప్పటి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ మార్షల్ లా (సైనిక పాలన) పెట్టాడు. మనకు అప్పుడు సాయంత్రం ఏడు కావస్తోంది. జిల్లా ఎడిషన్లు మూసే హడావుడి. ఏజెన్సీ కాపీలో "ఉత్తర కొరియా కమ్యూనిస్టు శక్తుల నుంచి దేశాన్ని కాపాడటానికి" అని ఉంది. డెస్కులో సగం మంది యుద్ధమే వచ్చిందనుకున్నారు. హెడ్డింగ్ కూడా అలాగే పెట్టబోయారు. మా సబ్ఎడిటర్ ఒకాయనకి ఢిల్లీలో కొరియన్ సాహిత్యం చదివే స్నేహితురాలు ఉంది. ఫోన్ చేస్తే ఆ అమ్మాయి చెప్పింది రెండే ముక్కలు. "ఇది ఉత్తర కొరియా గొడవ కాదు, ప్రతిపక్షంతో గొడవ. రాజ్యాంగం 77వ అధికరణం ప్రకారం పార్లమెంటులో సగం మందికి పైగా ఓటేస్తే ఎత్తేయాల్సిందే, కాబట్టి ఎంపీలు లోపలికి వెళ్లగలిగారా లేదా చూస్తూ ఉండండి." అంతే. మాకు ఆ రాత్రంతా దారి దొరికింది. మన టైమ్ తొమ్మిదిన్నరకి 190 మంది సభ్యులు ఓటేశారు, ఒక్కరూ వ్యతిరేకించలేదు. సిటీ ఎడిషన్ హెడ్డింగ్ దాని మీదే పెట్టాం.

ఆ అమ్మాయి భద్రతా నిపుణురాలు కాదు. కవిత్వం చదువుకుంటోంది. మీరు "నాలాంటివాళ్లకి పనుందా" అని అడిగారు కాబట్టి చెప్తున్నాను.

లావణ్య_డీసీ
వాషింగ్టన్‌లో ఆసియా విధానాల మీద పనిచేసే చిన్న సంస్థలో ఉన్నాను. హన్‌నది గారూ, మీరు చెప్పిన ప్రోగ్రాములు కెరీర్ కొంచెం ముందుకెళ్లినవాళ్ల కోసం. డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగంలో కుదురుకున్నాక చూడండి. వాటిలో అసలు దొరికేది శిక్షణ కన్నా పరిచయాలు. కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసులో విదేశాంగం చూసే స్టాఫర్‌కి పాతికేళ్లు ఉండొచ్చు. అతని దగ్గర కొరియాతో పాటు ఇంకో ఇరవై దేశాలు ఉంటాయి. మీకు దొరికేది పావుగంట. లేచి వచ్చేటప్పుడు టేబుల్ మీద వదిలిరావడానికి ఒక పేజీ ఉండాలి. అతను దాచుకునేది ఆ పేజీనే. ఆర్నెల్ల తర్వాత అవసరం పడితే దాని మీద ఉన్న నంబరుకి ఫోన్ చేస్తాడు.

ఇక్కడ కొరియా అంటే అణ్వాయుధాలు, సైనిక ఒప్పందం, ఈ మధ్య సుంకాలు. సాహిత్యం, నగర చరిత్ర, కార్మికుల చరిత్ర చేసినవాళ్లను ప్యానెల్ చివర్లో అలంకారానికి కూర్చోబెడతారు. ఇది నిజం, దాచను. కానీ డెస్క్‌మనిషి గారు చెప్పినట్టే డిసెంబరు 3 తర్వాత అందరూ వెతికింది చరిత్రకారుల కోసమే. అర్ధరాత్రి జనం సైనికులకు అడ్డంగా ఎందుకు వెళ్లారో క్షిపణుల నిపుణులు చెప్పలేకపోయారు. 1980 మే నెలలో క్వాంగ్జు నగరంలో తిరగబడ్డ జనాన్ని సైన్యం ఎలా అణచేసిందో, ఆ జ్ఞాపకం అక్కడి ఇళ్లలో ఎలా ఉందో తెలిసినవాళ్లు చెప్పగలిగారు.

2025 సెప్టెంబరులో జార్జియాలో హ్యుందాయ్, ఎల్‌జీ కలిసి కడుతున్న బ్యాటరీ ఫ్యాక్టరీ మీద ఇమిగ్రేషన్ దాడి జరిగింది. పట్టుకున్న 475 మందిలో మూడొందల మందికి పైగా కొరియన్లు. టీవీలో వీసా లాయర్లే కనపడ్డారు. పెద్ద కంపెనీ, దాని కింద సబ్ కాంట్రాక్టరు, ఆ కింద ఇంకొకరు... ఈ వరస కొరియాలో ఎలా పనిచేస్తుందో పరిశోధించిన సోషియాలజీ వాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లను అడిగినవాళ్లు తక్కువ. వాళ్లు తమంతట తాము ముందుకొచ్చిందీ లేదు.

కేడ్రామా కోటి
అక్కా, యూట్యూబ్‌లో పెట్టేయండి. మా బ్యాచ్ మొత్తం చూస్తాం. 😀

చరిత్ర మాస్టారు
ఢిల్లీలో తూర్పు ఆసియా చరిత్ర చెప్తాను. అందరూ ఉత్సాహంగా ఉన్నారు కాబట్టి కొంచెం నీళ్లు చల్లుతాను.

మీడియాతో మాట్లాడితే సమాజానికి మేలు జరుగుతుందన్నది గ్యారంటీ లేని మాట. 2020 ఏప్రిల్‌లో కిమ్ జోంగ్ ఉన్ కొన్నాళ్లు కనపడలేదు. గుండె చికిత్స జరిగిందని ఒకరు, ప్రాణం మీదికొచ్చిందని ఒకరు రాశారు. ఉత్తరం నుంచి పారిపోయి వచ్చి దక్షిణ కొరియాలో ఎంపీగా ఎన్నికైనాయన "99 శాతం చనిపోయాడు" అన్నాడు. మర్నాడే సుంచొన్ ఎరువుల ఫ్యాక్టరీలో రిబ్బను కత్తిరిస్తూ కిమ్ ఫొటో వచ్చింది. అన్ని రోజులూ దక్షిణ కొరియా ప్రభుత్వం "అసాధారణ సంకేతాలేమీ లేవు" అని ఒకటే మాట చెప్తూ వచ్చింది. ఆ మాటకు హెడ్డింగ్ దొరకలేదు. మన తెలుగు చానెళ్లలో వారసులెవరో కూడా తేల్చేశారు.

అంతకు ముందు, కిమ్ మేనత్త భర్తను ఆకలిగొన్న కుక్కలకు వేశారన్న కథ. అది చైనా సోషల్ మీడియాలో వ్యంగ్యం రాసే ఒక అకౌంట్ నుంచి పుట్టింది. హాంకాంగ్ పత్రిక ఎత్తుకుంది, అక్కణ్నుంచి సింగపూర్, అక్కణ్నుంచి ప్రపంచం. దాని మూలం పట్టుకున్నది ప్రొఫెసర్లు కాదు, అమెరికాలో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. 2013లో కాల్చి చంపారని రాసిన గాయని హ్యోన్ సోంగ్ వోల్ 2018లో సియోల్‌కి ప్రతినిధి బృందంతో వచ్చింది. ఇలాంటి చోట "మాకు తెలియదు" అన్న ప్రొఫెసర్‌ని రెండోసారి పిలవరు. "తెలుసు" అన్నవాడిని రోజూ పిలుస్తారు. ఈ ఎంపిక మీడియాది, మనది కాదు.

ప్రభుత్వాల సంగతి ఇంకో రకం. అయోధ్య రాకుమారి కొరియా వెళ్లి రాణి అయిందన్న కథ మీరంతా వినే ఉంటారు. ఆమె పేరు హో హ్వాంగ్ ఓక్. క్రీ.శ. 48లో "అయుత" అనే దేశం నుంచి ఓడలో వచ్చిందని రాసి ఉన్నది సంగుక్ యుసా అనే గ్రంథంలో, అది 13వ శతాబ్దపుది. మధ్యలో పన్నెండు వందల ఏళ్లు ఖాళీ. ఆ అయుత అయోధ్యేనా, దక్షిణాదిలో ఇంకేదైనా ఊరా, అసలు తర్వాత బౌద్ధులు చేర్చిన కథా అన్నది తేలలేదు. కానీ అయోధ్యలో స్మారకం ఉంది, 2018 దీపావళికి కొరియా ప్రథమ మహిళ కిమ్ జంగ్ సూక్ వచ్చారు, రెండు దేశాల నాయకులూ ప్రసంగాల్లో చెప్తారు. ఒక సమావేశానికి నన్ను పిలిచి "ఈ సంబంధం గురించి రెండు ముక్కలు" అన్నారు. కథ అని చెప్తూనే, ఆ కథ కొరియాలో ఆమె వారసులమని చెప్పుకునే కిమ్హే కిమ్ వంశం వాళ్లకు ఎంత ముఖ్యమో చెప్పాను. తర్వాత వచ్చిన ప్రెస్ నోట్‌లో "చారిత్రక ఆధారాలున్నాయని ప్రొఫెసర్ తెలిపారు" అని వేశారు.

డెస్క్‌మనిషి
మాస్టారూ, దానికి మందుంది. మాట్లాడే ముందే "నా పేరుతో వచ్చే వాక్యం చదివి వినిపించండి" అని అడగండి. వ్యాసమంతా చూపించమంటే ఏ విలేకరీ చూపించడు, మీ కోట్ మాత్రం చాలామంది వినిపిస్తారు. ఇంకోటి, "ఇది పేరు లేకుండా" అని చెప్పేదేదో మాట్లాడకముందే చెప్పాలి. అంతా చెప్పేసి చివర్లో అంటే మేం ఒప్పుకోవాల్సిన పని లేదు.

"తెలియదు" అన్నవాళ్లను రెండోసారి పిలవరన్నది టీవీకి నిజం. పేపర్‌కి అంత నిజం కాదు. "ఎవరికీ తెలియదు, ఎందుకు తెలియదంటే ఇదీ" అంటే అది నాకు బాక్స్ ఐటెమ్. 2020లో ఎవరైనా అలా చెప్పి ఉంటే నేను సంతోషంగా వేసేవాడిని.

పెనుకొండ దుబాసి
అన్నలకు, అక్కలకు నమస్తే. నేను స్కాలర్‌ని కాదు. కొరియన్ నేర్చుకుని పెనుకొండ దగ్గర ఒక విడిభాగాల కంపెనీలో ఇంటర్‌ప్రెటర్‌గా చేస్తున్నా. మీ చర్చ చదువుతుంటే ఒకటి అనిపించింది.

2020 ఫిబ్రవరిలో కియా ప్లాంటు తమిళనాడుకి వెళ్లిపోయే ఆలోచనలో ఉందని రాయిటర్స్ రాసింది. 110 కోట్ల డాలర్ల ప్లాంటు, అధికారికంగా ప్రారంభించి రెండు నెలలే అయింది. కంపెనీ కాదంది, రాష్ట్ర ప్రభుత్వమూ కాదంది. మా దగ్గర మాత్రం అద్దె ఇళ్లు కట్టినవాళ్ల నుంచి టీ కొట్టు దాకా ఒకటే టెన్షన్. ఆ వారమంతా టీవీలో రెండు పార్టీల వాళ్లు తిట్టుకున్నారు తప్ప, కొరియా కార్ల కంపెనీ ఒక చోట ప్లాంటు పెడితే దాని వెంట విడిభాగాల కంపెనీలు ఎందుకు వస్తాయి, అవి వచ్చాక కదలడం ఎంత కష్టం అని చెప్పినవాళ్లు ఒక్కరు లేరు. అది తెలిసినవాళ్లు మన దేశంలో ఉన్నారు. అలబామాలో, స్లొవేకియాలో ఈ కంపెనీలు ఎలా దిగాయో చదివినవాళ్లు ఉన్నారు. వాళ్లు ఇంగ్లీషులో, జర్నళ్లలో ఉన్నారు. పెనుకొండకి ఆ జర్నల్ రాదు కదా.

75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని 2019లో చట్టం చేసినప్పుడూ అంతే. కొరియా మేనేజర్లు నన్ను అడిగేవారు దాని అర్థమేంటని. మనవాళ్లు నన్ను అడిగేవారు కొరియావాళ్లు ఏమంటున్నారని. మధ్యలో నేను.

హన్‌నది
దుబాసి గారూ, స్లొవేకియా జిలినా ప్లాంటు మీద నా సీనియర్ ఒకరు పనిచేశారు. మీకు పరిచయం చేస్తాను.

సరే, ధైర్యం చేసి మూసీ గురించి రాయబోయేది ఇక్కడే పెడుతున్నాను. బాగోలేని చోట కొట్టేయండి.

"చొంగ్‌గ్యెచొన్ నది కాదు, సియోల్ నడిబొడ్డున ఉన్న వాగు, తెరిచింది 5.8 కిలోమీటర్లు. 1950ల చివర్లో దాని మీద కాంక్రీటు కప్పడం మొదలైంది, తర్వాత పైన ఫ్లైఓవర్ వచ్చింది. 2003 జులైలో మేయర్ లీ మ్యుంగ్ బాక్ ఆ ఫ్లైఓవర్ కూల్చడం మొదలుపెట్టి, 2005 అక్టోబరు 1న వాగు తెరిచారు. ఇవాళ అందులో పారే నీళ్లు చాలావరకు వాగువి కావు. రోజుకు సుమారు 1,20,000 టన్నులు వదులుతారు, అందులో ఎక్కువ భాగం హన్ నది నుంచి మోటార్లతో తోడిందే. 2003లో ఒడ్డున ఖాళీ చేయించాల్సిన ఇళ్లు లేవు, ఉన్నవి దుకాణాలు, తోపుడు బళ్లు. వ్యాపారులతో నాలుగు వేలకు పైగా సమావేశాలు జరిపామని నగరపాలక సంస్థ చెప్పుకుంటుంది. వాళ్లకు గార్డెన్ ఫైవ్ అనే కొత్త మాల్‌లో చోటిస్తామన్నారు, 2010లో అది తెరిచేసరికి ధర అందక చాలామంది వెళ్లలేదు. తోపుడు బళ్లవాళ్లను తొంగ్‌డేమున్ స్టేడియంలోకి పంపారు, కొన్నేళ్లకే ఆ స్టేడియాన్నీ కూల్చి డిజైన్ ప్లాజా కట్టారు. ఇళ్లు పోయింది అంతకు ముందు తరంలో. 1960ల చివర్లో వాగు ఒడ్డు గుడిసెల జనాన్ని లారీల్లో ఎక్కించి సియోల్ బయట క్వాంగ్జు దగ్గర (1980 నాటి క్వాంగ్జు నగరం వేరు, ఇది వేరు) కొండ నేలలో దించారు. నీళ్లు లేవు, పని లేదు, స్థలానికి మాత్రం డబ్బు కట్టమన్నారు. 1971 ఆగస్టు 10న వాళ్లు తిరగబడ్డారు. ఆ చోటే ఇప్పటి సొంగ్నామ్ నగరం."

మూసీ ఒడ్డు
అక్కా, మాది చాదర్‌ఘాట్ వైపు. 2024లో మా గల్లీ గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ (ఇల్లు నదిలో ఉన్నది, కూల్చాలె అని గుర్తు) అని రాసిపోయిన్రు. సియోల్ సియోల్ అని టీవీలో ఒకటే చూపించిన్రు, లైట్లు, రాళ్ల మీద కూర్చున్న పిల్లలు. అక్కడ ముందు జనం ఉన్నరా, వాళ్లు ఏమైన్రు అని మేం అడిగితే చెప్పినోళ్లు లేరు. ఈ 1971 ముచ్చట ఇప్పుడే వింటున్న. దయచేసి దీన్ని తెలుగులనే రాయండి. ఇంగ్లీషు పేపర్ల వేస్తే మా బస్తీ మీటింగ్‌లో చదివి వినిపించలేం. ఇంకోటి, మా తరఫున మాట్లాడమని అడుగుతలేను. అక్కడ ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్తే చాలు, మా మాట మేం మాట్లాడుకుంటం.

రిటైర్డ్ ఫైలు
మున్సిపల్ పరిపాలనలో చాలా కాలం పనిచేసి రిటైరయ్యాను. హన్‌నది అమ్మా, నువ్వు రాసింది బాగుంది, కానీ ఫైలు మీదికి పనికిరాదు. పత్రికకి వేరు, ఫైలుకి వేరు. పత్రిక సంగతి డెస్క్‌మనిషి చెప్తాడు. ఫైలు సంగతి నేను చెప్తాను.

సెక్రటరీ టేబుల్ మీద రోజూ వందల కాగితాలు. ప్రొఫెసర్ల నుంచి వచ్చేవి నేను చాలా చూశాను. అన్నీ "సమగ్ర దృక్పథం అవసరం" అని మొదలవుతాయి. అక్కడే పక్కన పెడతారు. అధికారికి కావాల్సింది వేరు. పునరావాసం ఖర్చు ఏ పద్దులోంచి వచ్చింది? వ్యాపారి ఒప్పుకోకపోతే ఏ సెక్షన్ కింద ఏం చేశారు? కోర్టుకెళ్తే ఏమైంది? అద్దెకున్నవాడికి ఏమిచ్చారు, ఇల్లు లేదా డబ్బా? మనకు 2013 భూసేకరణ చట్టం ఉంది. దానిలో నిర్వాసితుడి నిర్వచనంలో అద్దెదారులు ఎక్కడిదాకా వస్తారన్నది ఎప్పుడూ పేచీయే. సియోల్‌లో ఆ పేచీ ఎలా తేల్చారో ఒక పేజీలో పెట్టి, వెనక వాళ్ల ఆర్డినెన్స్ (నగరపాలక సంస్థ చేసిన నిబంధన) తర్జుమా జత చేస్తే, దాన్ని పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. ఎందుకంటే రేపు కోర్టులో కౌంటర్ రాయాల్సింది మేమే.

సచివాలయం మెట్లెక్కి మంత్రిని కలవాలని చూడకు. ఆ ఫైలు రాసే సెక్షన్ ఆఫీసర్, డిప్యూటీ సెక్రటరీ ఎవరో కనుక్కో. మంత్రులు మారతారు, అయిదేళ్లకో ప్రభుత్వం మారుతుంది. ఆ డిప్యూటీ సెక్రటరీ ఇంకో శాఖకి వెళ్లినా నీ నంబరు తీసుకెళ్తాడు.

ఒక్క మాట. మంత్రులు విదేశం వెళ్లొచ్చాక కాగితం పంపితే అది విమర్శ అవుతుంది. వెళ్లే ముందు పంపితే సలహా అవుతుంది. కాగితం అదే.

హన్‌నది
కొరియా చట్టాలు, నగరాల ఆర్డినెన్సులు అన్నీ వాళ్ల ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి సార్, ప్రధాన చట్టాలకు ఇంగ్లీషు తర్జుమాలు కూడా ఉన్నాయి. అద్దెదారుల పరిహారం నా మూడో అధ్యాయంలో సగం. 1980లలో, సియోల్ ఒలింపిక్స్‌కి ముందు ఆ నగరంలోని సంగ్యె-దొంగ్ లాంటి చోట్ల అద్దెదారులు చేసిన పోరాటాల వల్లే వాళ్లకు పబ్లిక్ రెంటల్ ఇళ్లలో చోటు వచ్చింది. ఆ క్రమం మొత్తం నా దగ్గర ఉంది. అది మీకు పనికొస్తుందని నాకు ఎప్పుడూ తట్టలేదు.

రిటైర్డ్ ఫైలు
అదే అసలు సరుకు. అది వదిలేసి నాకు మోటార్ల లెక్క చెప్తున్నావు.

డెస్క్‌మనిషి
నాకు మోటార్ల లెక్కే కావాలి సార్, అది చదువుతారు 🙂 హన్‌నది గారూ, మీ పేరాలో చివర్లో ఒక ఊరు పేరు చెప్పారు. సొంగ్నామ్. 2025 జూన్‌లో అధ్యక్షుడిగా గెలిచిన లీ జే మ్యుంగ్ చిన్నప్పుడు ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఊరు, తర్వాత మేయర్‌గా చేసిన ఊరు అదే కదా? వాగు ఒడ్డున కూల్చిన గుడిసెల జనం వెళ్లి పడ్డ చోటు నుంచి దేశాధ్యక్షుడు వచ్చాడు. మీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి. మీరు దాన్ని ఆఖరి వాక్యంలో, అదీ అతని పేరు లేకుండా పెట్టారు.

హన్‌నది
ఆయన కుటుంబం అక్కడికి 1976లో వచ్చింది, 1971 తిరుగుబాటు నాటికి లేరు. వాళ్లు వాగు ఒడ్డు నుంచి కాదు, ఆండొంగ్ వైపు కొండ ఊళ్ల నుంచి వచ్చారు. కలిపేసి రాయలేను.

డెస్క్‌మనిషి
ఆ తేడా ఒక్క వాక్యంలో చెప్పండి, సరిపోతుంది. తేడా చెప్పి రాస్తేనే మాస్టారి భయమూ తీరుతుంది.

చరిత్ర మాస్టారు
నా భయం అంత తేలిగ్గా తీరదు కానీ, ఇది ఒప్పుకుంటాను.

పైన ఒక్క ముక్కలో వదిలేసిన విషయం ఒకటుంది. డబ్బు. మన దగ్గరా వాషింగ్టన్‌లోనూ కొరియన్ స్టడీస్‌లో చాలా కుర్చీలు, ఫెలోషిప్పులు, సదస్సులు కొరియా ఫౌండేషన్ లేదా అకాడమీ ఆఫ్ కొరియన్ స్టడీస్ డబ్బుతో నడుస్తున్నాయి. మొదటిది వాళ్ల విదేశాంగ శాఖ కిందది. వాళ్ల డబ్బుతో చదివి, వాళ్ల పెట్టుబడుల గురించి, వాళ్ల కంపెనీల గురించి మన ప్రభుత్వానికి సలహా ఇస్తున్నప్పుడు ఆ సంగతి చెప్పాలా వద్దా? నా మట్టుకు మొదటి లైన్లోనే చెప్పాలి. జాన్స్ హాప్కిన్స్‌లో యూఎస్-కొరియా ఇన్‌స్టిట్యూట్ ఉండేది. 2006 నుంచి సియోల్ ప్రభుత్వ సంస్థ నిధులిచ్చింది. 2018లో డైరెక్టర్ ఎవరుండాలన్న గొడవ ముదిరి నిధులు ఆగాయి, ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. ఉత్తర కొరియా ఉపగ్రహ చిత్రాలు విశ్లేషించే 38 నార్త్ అనే వెబ్‌సైట్ అక్కడ పుట్టిందే, అది స్టిమ్సన్ సెంటర్ అనే థింక్ ట్యాంకుకి మారి బతికింది. ఇచ్చేవాడు ఆపగలడు కూడా.

లావణ్య_డీసీ
మాస్టారూ, మీరన్నది ఇక్కడ అందరికీ తెలుసు, అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయం కూడా. 2024 జులైలో కొరియా వ్యవహారాల్లో పేరున్న ఒక మాజీ సీఐఏ విశ్లేషకురాలి మీద న్యూయార్క్ ప్రాసిక్యూటర్లు కేసు పెట్టారు. రిజిస్టర్ చేసుకోకుండా దక్షిణ కొరియా ప్రభుత్వానికి ఏజెంటుగా పనిచేశారని ఆరోపణ. ఆమె ఖండించారు. కేసు ఏమైనా, ఆ తర్వాత ఇక్కడ ఎవరు ఎవరితో భోజనానికి వెళ్లినా బిల్లు ఎవరు కట్టారో రాసుకుంటున్నారు. దీనికి వ్యతిరేకంగా చూస్తే, ఇక్కడ కొరియా ప్రభుత్వ సంస్థ డబ్బుతో నడిచే కొరియా ఎకనామిక్ ఇన్‌స్టిట్యూట్ విదేశీ ఏజెంట్ల చట్టం కింద రిజిస్టర్ అయింది, ఆ సంగతి తన ప్రచురణల మీద అచ్చువేస్తుంది. చదివేవాడికి తెలిసి చదువుతాడు. నాకు అది నచ్చింది.

కానీ మాస్టారూ, ఆ డబ్బు లేకపోతే కొరియన్ నేర్చుకోవడానికి ఖమ్మం అమ్మాయికి దారేది? కేంద్రం 2020 విద్యా విధానంలో పాఠశాలల్లో నేర్పదగ్గ విదేశీ భాషల్లో కొరియన్ పేరు రాసింది. టీచర్లకు జీతమెవరిస్తారో రాయలేదు.

చరిత్ర మాస్టారు
డబ్బు తీసుకోవద్దని నేననలేదు. చెప్పమన్నాను. విశాఖ సంగతి చూడండి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి లీకై ఆర్‌ఆర్ వెంకటాపురంలో జనం రోడ్ల మీద పడిపోయారు. ఆ నెలలో కొరియన్ స్టడీస్ వాళ్లం చెప్పాల్సింది ఒకటుంది. 2012 సెప్టెంబరులో కొరియాలోని గూమి నగరంలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం లీకై అయిదుగురు చనిపోయారు, చుట్టుపక్కల పొలాలు మాడిపోయాయి. దాని తర్వాత కొరియా రసాయనాల నియంత్రణ చట్టాన్ని తిరగరాసింది, 2015 నుంచి అమలైంది. కంపెనీ తన దేశంలో ఏ నిబంధన కింద పనిచేస్తుందో, ఇక్కడ ఏది లేదో పక్కపక్కన పెట్టి చూపించగలిగింది మనమే. ఎవరూ చూపించలేదు. నిధులిచ్చినవాళ్లు వద్దన్నారని నేననను. ఎవరూ వద్దనాల్సిన అవసరం కూడా రాలేదు, అదే నా బాధ.

రిటైర్డ్ ఫైలు
ఆ నెలలో అలాంటి కాగితం ఒకటి వచ్చి ఉంటే విచారణ కమిటీ వాడుకునేది. ఖాయంగా చెప్పగలను.

పెనుకొండ దుబాసి
కొరియాలో 2022 జనవరి నుంచి ఇంకో చట్టం ఉంది సార్. ఫ్యాక్టరీలో కార్మికుడు చనిపోతే పై మేనేజ్‌మెంట్‌కే జైలు పడొచ్చు. మా కొరియా మేనేజర్లు భోజనాల దగ్గర దాని గురించి తెగ మాట్లాడుకుంటారు. ఇక్కడ సేఫ్టీ మీటింగ్‌లో ఎవరూ ఎత్తరు. దీని మీద తెలుగులో ఎవరైనా రాస్తారా? నేను పేరు పెట్టుకుని రాయలేను, ఉద్యోగం ఉంది.

కేడ్రామా కోటి
యూట్యూబ్ అని నవ్వులాటకి అన్నాను కానీ ఇప్పుడు సీరియస్‌గా అంటున్నా. దుబాసి అన్న చెప్పిన చట్టం, వైజాగ్ సంగతి, మూసీ... ఒక్కోటి పది నిమిషాల ఆడియో చేస్తే నేను ఎడిట్ చేస్తాను. కాలేజీలో కొరియన్ నేర్చుకునే ఫ్రెండ్స్ చాలామంది ఉన్నారు, పాటలతో మొదలుపెట్టినవాళ్లే. వాళ్లలో కొందరికైనా ఇది కావాలి.

లావణ్య_డీసీ
హన్‌నది గారూ, మీ అసలు ప్రశ్నకి నా జవాబు: ప్రోగ్రాంకి తర్వాత అప్లై చేయండి. అప్పుడు మీ దరఖాస్తులో "నేను రాసిన ఒక పేజీ ఫలానా చోట వాడారు" అని రాయగలిగితే మీ పక్కన ఇంకెవరూ నిలబడలేరు. అక్కడికొచ్చేవాళ్లలో చాలామందికి చెప్పుకోవడానికి జర్నల్ పేపర్లే ఉంటాయి.

హన్‌నది
రెండు వేర్వేరు కాగితాలు చేస్తున్నాను. రిటైర్డ్ ఫైలు గారికి అద్దెదారుల మీద ఒక పేజీ, వెనక ఆర్డినెన్స్ తర్జుమా. అడుగున నా ఫెలోషిప్ ఎవరిదో రాస్తాను, మాస్టారు చెప్పినట్టు. డెస్క్‌మనిషి గారికి సొంగ్నామ్‌తో మొదలయ్యే వ్యాసం. దాన్ని ముందు మూసీ ఒడ్డు గారికి పంపుతాను, బస్తీ మీటింగ్‌లో చదివితే ఎక్కడ అర్థం కాలేదో చెప్పండి.

మూసీ ఒడ్డు
పంపండి అక్కా. ఆదివారం మీటింగ్ ఉంది.

రిటైర్డ్ ఫైలు
అడుగున కాదమ్మా, పైన రాయి. అడుగున రాస్తే దాచినట్టుంటుంది. ఫుట్‌నోట్లు తీసెయ్యి, సెక్షన్ నంబర్లు ఉంచు. వోన్లు రూపాయల్లోకి మార్చి రాయి, ఏ ఏడాది రేటో బ్రాకెట్లో పెట్టు.

డెస్క్‌మనిషి
నాకు ఏడొందల పదాలు, బుధవారం లోపు. ఎడిట్ పేజీ ఇన్‌చార్జి పొడవు చూసి భయపడతారు, ఎనిమిది వందలు దాటొద్దు. వాగు ఒడ్డు గుడిసెల పాత ఫొటో ఏదైనా ఉందా? హక్కులు ఎవరివో కూడా చెప్పండి, లేకపోతే వేయలేం.

హన్‌నది
జపాన్ పాస్టర్ నొమురా మొతొయుకి 1970లలో అక్కడ తిరిగి తీసిన ఫొటోలున్నాయి. ఆయన వాటిని సియోల్ నగరానికి ఇచ్చేశారు. అనుమతి కోసం ఇవాళే మెయిల్ పెడతాను. బుధవారానికి జవాబు రాకపోతే ఫొటో లేకుండానే వేసేయండి.